ముప్పై రెండు డిగ్రీల దగ్గర

డిసెంబరు 4, మదనపల్లె

యంత్రం వచ్చింది. రెండు పెట్టెలు, ఒక నీళ్ళ తొట్టి, బారెడు గొట్టం. చర్మానికి తగిలించే బిళ్ళ మాత్రం ఇంతే, మూడు సెంటీమీటర్లు పొడవు, మూడు వెడల్పు. లోపల పెల్టియర్ పలక. కరెంటు ఒకవైపు పోతే వేడెక్కుతుంది, తిప్పి పంపితే చల్లబడుతుంది. 1834 నాటి కిటుకు. ఇప్పుడు నా బల్ల మీద.

మొదలు ఎప్పుడూ 32 డిగ్రీలు. అక్కడ చర్మానికి వెచ్చనా ఉండదు, చల్లనా ఉండదు. ఆ తర్వాత సెకనుకు ఒక డిగ్రీ ఎక్కుతుంది, లేదంటే దిగుతుంది. ఆ మార్పు తెలిసిన క్షణాన బిళ్ళ పెట్టించుకున్న మనిషి బటను నొక్కాలి. 50కి చేరితే దానంతట అదే ఆగిపోతుంది.

రాత్రి నా అరచేతి మీదే పెట్టుకుని చూశాను. చల్లదనం వెంటనే తెలిసింది, ఒక డిగ్రీ కూడా దిగకముందే. వెచ్చదనం అట్లా కాదు. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఉందని గమనించేసరికి అప్పటికే ఉంది.

డిసెంబరు 6

పొద్దున ఏడింటికే జనం. టమాటా మార్కెట్టు నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, తలకు తువాలు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని. వాళ్ళ పాదాలు ముట్టుకుంటే నా వేళ్ళే జిల్లుమన్నాయి. ఈ పాదాల మీద ఇప్పుడే కొలిస్తే వచ్చే అంకె నరానిది కాదు, తెల్లవారుజాముది. అందరినీ గదిలో కూచోబెట్టి కాళ్ళకు దుప్పట్లు కప్పాను.

"సూది ఎప్పుడేస్తారుమా?" అని ఒకాయన. సూది లేదంటే నమ్మలేదు. ఇంత పెద్ద మిషను పెట్టుకుని సూది లేకుండా ఎట్లా?

ఒక్కొక్కరికీ అదే వాక్యం చదవాలి, ఒక్క మాట తేడా లేకుండా. "వెచ్చగా అనిపించిన వెంటనే నొక్కండి." వెంటనే అంటే కొందరికి ఖాయంగా తెలిశాక. కొందరికి అనుమానం రాగానే. నేను కొలుస్తున్నది చర్మాన్నా, మనిషి స్వభావాన్నా?

డిసెంబరు 9, నీరుగట్టువారిపల్లె

మగ్గాల వీధి. ఇంటింటా టకటక. ఆ చప్పుడులో బటను నొక్కిన శబ్దం కూడా వినిపించదు.

ఈ రోజు పట్టుదారం తీసే ఆమె వచ్చింది. పొద్దున వాళ్ళ ఇంటికే పోయి పని చూశాను. గూళ్ళు ఉడికే తొట్టిలో వేళ్ళు పెట్టి కొసలు వెతికి తీస్తుంది. పక్కన చన్నీళ్ళ గిన్నె. అందులో ముంచి, మళ్ళీ ఉడుకులో. ముంచి, మళ్ళీ. పెళ్ళైన నాటి నుంచీ అదే పని అంటుంది.

వేలికొసల మీద బిళ్ళ పెట్టాను. అంకె పైకి పోతూనే ఉంది, నొక్కదు. నా గుండె కొట్టుకుంది. చాలా పైకి పోయాక నొక్కింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. అదే చేతి మీద మణికట్టు దాటి రెండంగుళాలు పైన పెడితే టక్కున నొక్కింది. నాకంటే ముందే.

నరం బాగానే ఉంది. మందం చర్మానిది.

"చెయ్యి అలవాటు పడిందిమా. ఉడుక్కి బయపడితే దారం తెగిపోతాది" అనింది. అవే వేళ్ళతో దారం సన్నమైన చోటు పట్టుకుని చెప్పేస్తుంది, చూడకుండా. నా కాగితంలో దానికి గడి లేదు. పక్కన పెన్సిలుతో రాసిపెట్టాను.

డిసెంబరు 11

స్టీవెన్స్, చూ 1998లో రాసిన పేపరు మళ్ళీ చదివాను. 18 ఏళ్ళ నుంచి 88 ఏళ్ళ దాకా 60 మంది పెద్దవాళ్ళు. ఒంటిమీద 13 చోట్ల కొలిచారు. ఎక్కడ చూసినా వెచ్చదనం కంటే చల్లదనమే ముందు తెలుస్తుంది. నోటి చుట్టుపక్కల అన్నిటికంటే సూక్ష్మం. వయసు పెరిగేకొద్దీ నడి ఒళ్ళు నింపాదిగా తగ్గుతుంది, కాళ్ళూ చేతులూ తొందరగా. అందులోనూ పాదం మరీ. కొందరు ముసలివాళ్ళ పాదాలకు కొలవడానికి అందే అంకే రాలేదు.

ఆ 60 మందిలో చెప్పుల్లేకుండా బతికినవాళ్ళు ఎంతమంది? మండుటెండలో బండరాతి మీద నడిచినవాళ్ళు? మడికట్టులో పగలంతా నిలబడినవాళ్ళు? వాళ్ళ అంకెలు తెచ్చి మా పల్లెల పాదాల పక్కన పెట్టి, ఇది బాగుంది, ఇది చెడింది అని ఎట్లా అనను? ఇక్కడి ఆరోగ్యవంతుల అంకెలు ఇక్కడే తీయాలి. అందుకే కదా ఈ పని.

ఇంకొకటి. చల్లదనం కబురు మోసే నరాలకు సన్నటి పొర ఉంటుంది, వేగంగా పోతుంది. వెచ్చదనానివి పొర లేని సన్న పోగులు, సెకనుకు సుమారు ఒక మీటరు. పొడుగాటి మనిషి కాలి నుంచి తలకు చేరేలోపు యంత్రం ఇంకో డిగ్రీ ఎక్కేసి ఉంటుంది. అదీ అంకెలోనే కలిసిపోతుంది.

డిసెంబరు 15, ఆరోగ్యవరం

పాత క్షయ ఆసుపత్రి వరండాల పొడుగునా నడిచాను. క్షయకు మందు లేని కాలంలో ఇక్కడి గాలే మందు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ ఈ చోటు ఎంచుకున్నాడు. చల్లగాలి తగిలేలా మంచాలు, విశ్రాంతి, తిండి. 1950ల్లో ఐసోనియాజిడ్ వచ్చాక కథ మారింది. ప్రాణం నిలబెట్టిన మాత్ర. కొందరికి అదే మాత్ర కాళ్ళలో తిమ్మిరి పెడుతుంది. అందుకే తోడుగా బి6 ఇస్తారు.

మధ్యాహ్నం వచ్చినామె ఎప్పుడో ఆ కోర్సు వాడిన మనిషి. చల్లదనం బాగా తెలుస్తోంది. వెచ్చదనం కొంచెం ఆలస్యం. మాత్ర వల్లనా, వయసు వల్లనా? ఇప్పుడెవరు చెప్పగలరు. "బతికితిని గదమ్మా" అనింది, నేను ఏమీ అడగకుండానే.

డిసెంబరు 20, పుంగనూరు

ఇంటికి వచ్చాను. అమ్మ ఇప్పటికీ అండా కిందే కట్టెలు పెడుతుంది. గీజరు పెట్టిస్తానంటే వద్దంటుంది. కట్టెల నీళ్ళు ఒంటికి మంచివట.

ఆమె ఎడమ కాలి మీద గోధుమరంగు మచ్చ. రూపాయి బిళ్ళంత. ఎప్పుడు కాలిందని అడిగాను.

"కాలలేదే. యాడో గీసుకోనుంటాది."

గీసుకుంటే గుండ్రంగా ఎట్లా వస్తుంది?

షుగరు వచ్చి పన్నెండేళ్ళు. మాత్రలు మరిచిపోదు. పథ్యం కూడా మా అందరికంటే బాగా చేస్తుంది. యంత్రం హాల్లోనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి పెట్టాను.

డిసెంబరు 21

రాత్రి నిద్ర పట్టలేదు. ఫ్రిజ్‌లో ఐదు రూపాయల బిళ్ళ ఒకటి పెట్టి, తీసి, నుదుటి మీద పెట్టుకున్నాను. పక్కన ఒంటి వేడికి వచ్చిన బిళ్ళ ఇంకొకటి. చల్లనిదే బరువు. వేబర్ 1846లో రాశాడు ఈ సంగతి. అప్పటి వెండి నాణేలతో చేశాడు. తెలిసినా సరే, మళ్ళీ మళ్ళీ అదే బరువు. తెలిసినంత మాత్రాన చర్మం వినదు.

డిసెంబరు 23

పుంగనూరు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన. అరవై దాటినాయి, షుగరు ఉంది. కాళ్ళలో జోము అని కోడలు పిలుచుకొచ్చింది. ఆయన మాత్రం ఏమీ లేదంటాడు.

వాళ్ళది ధర్మరాజుల గుడి ఉన్న ఊరు. ఏటా వేసవిలో భారతం ఉత్సవం. 18 దినాలు, పగలు హరికథ, రాత్రి నాటకం, చివరి దినం దుర్యోధనుడు పడినాక సాయంత్రం అగ్నిగుండం. ఈయన కంకణం కట్టుకుని గుండం తొక్కే మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచీ.

"మొదట్లో సుర్రుమనేదిమా. ఇప్పుడు మూడేండ్లుగా ఏమీ లేదు. పూలమీద నడిచినట్లుండాది. ద్రౌపదమ్మ దయ."

అరికాలు చూశాను. మానిన బొబ్బల గుర్తులు. ఒకచోట చర్మం చీలి, అంచులు గట్టిపడి ఉంది. బిళ్ళ అరికాలికి కాదు, పాదం పైన పెట్టాను. అక్కడ కాయ కాయదు.

40. 45. 50. ఆగిపోయింది.

చల్లదనం 20 దాకా దిగాక నొక్కాడు.

ఆయన మొహంలో ఎంత తృప్తి. అమ్మ తన కాళ్ళను కాచుకుంటోందని. ఆ మాట నా నోటితో ఎట్లా చెరిపేయను? చెరిపేయకపోతే ఆ కాలు ఏమవుతుంది?

పుండు కట్టించి, నడవద్దని మాత్రం చెప్పి పంపాను. గుండం మాట ఎత్తలేదు. వేసవికి ఇంకా టైముంది అనుకున్నా.

డిసెంబరు 29

సంగటి, ఊరిబిండి. నాలుక మండిపోయింది. ఊరిబిండి కారానికీ, నిజం వేడికీ ఒంట్లో తలుపు ఒకటే. 43 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకునే తలుపు. పచ్చిమిరపలోని ఘాటు తగిలినా అదే తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది దీనికే. పుదీనా చల్లదనానికి ఇంకో తలుపు.

అమ్మ నాలుక నా నాలుక కంటే బాగా పనిచేస్తోంది. "ఉప్పు చాల్లేదు, కారం ఎక్కువయింది" అని ఒక్క ముద్దకే చెప్పింది. నోటి చుట్టూ చివరిదాకా నిలుస్తుందని ఆ పేపరులో ఉంది.

పాదం మాట ఇంకా అడగలేదు.

జనవరి 5

అమ్మే గుడ్డ తీసింది. "దాన్నేందో నాకూ పెట్టు పాపా, ఊరందరికీ పెడతాండావు."

చేతులు బాగున్నాయి. నిజంగా బాగున్నాయి. తర్వాత ఎడమ పాదం పైభాగం. మొదటిసారి 36 దగ్గర నొక్కింది. రెండోసారి 35. నాకు ఊపిరి వచ్చింది. ఆ వయసుకు ఇంత బాగా ఎవరికుంటుంది!

మూడోసారి యంత్రాన్ని 32 దగ్గరే ఉంచి, మొదలుపెట్టానని మాత్రం చెప్పాను. అందరికీ చేసేదే, మధ్యలో ఒక ఖాళీ పరీక్ష.

నొక్కింది. "తెలిసింది పాపా, వెచ్చగా ఉండాది."

ఇంకోసారి ఖాళీగానే. నొక్కింది.

పరీక్ష జరుగుతున్నంతసేపూ నా మొహమే చూస్తోంది. నేను ఎప్పుడు ఎదురుచూస్తున్నానో నా మొహంలో ఆమెకు దొరుకుతోంది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే చెయ్యి వేయకుండానే చెప్పేది, మొహం చూసి.

కుర్చీ గోడవైపు తిప్పాను.

37. 40. 43. 46.

50. ఆగిపోయింది.

"పెట్టినావా?" అని అడిగింది అమ్మ, గోడకేసి చూస్తూనే.

జనవరి 6

కాలు పొడుగునా పైకి జరుపుకుంటూ వచ్చాను. వేళ్ళ దగ్గర లేదు. చీలమండ దగ్గర లేదు. పిక్క మధ్యకు వచ్చేసరికి తెలిసింది. రెండో కాలు కూడా అక్కడే. మేజోడు తొడిగినంత మేర. షుగరు ఎక్కువగా ఇట్లాగే, అన్నిటికంటే పొడుగు నరాల కొసల నుంచి మొదలుపెడుతుంది.

అరికాలి మందమేమో అని ఇన్నాళ్ళూ ఒక ఆశ. పట్టు తీసే ఆమె వేళ్ళు చూశాక ఆ ఆశ ఇంకా బలపడింది. కానీ పాదం పైన మందం ఎక్కడిది?

అమ్మకు చెప్పాను. ఆమె భయపడలేదు. "మరి నొప్పి లేదే" అనింది. నొప్పి లేకపోవడమే... మాట పూర్తి చేయలేదు నేను. లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చాను.

జనవరి 14, భోగి

తెల్లవారుజామున వీధిలో మంట. పిల్లలు పాత చాపలూ, విరిగిన కుర్చీకాళ్ళూ తెచ్చి వేస్తున్నారు. అమ్మ పీట వేసుకుని కూచుంది, పాదాలు ముందుకు చాపి. అందరికంటే ముందుకు. పక్కింటి పిన్నమ్మ పాదాలు ఎప్పుడో వెనక్కి తీసుకుంది.

పీటను వెనక్కి లాగాను. "చలి పాపా" అనింది. చలి తెలుస్తోంది ఆమెకు. ఎక్కడ? వీపుకా, మొహానికా? పాదాలకు చలి ఉందని ఆమె అనుకుంటోందా, నిజంగా ఉందా?

నా శాలువా ఆమె పాదాలకు చుట్టాను. మంట అయిపోయేదాకా ఆమె పక్కనే.

జనవరి 22, కుప్పం

పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. యంత్రం ఒడిలో.

ఇక్కడ పొద్దున రైలు వేళకు ఊరు సగం ఖాళీ. బెంగుళూరు పనులకు పోయేవాళ్ళు. రాత్రి వచ్చినాకే దొరుకుతారు. వాక్యం మూడు భాషల్లో రాసుకోవాల్సి వచ్చింది, ఒకే ఇంట్లో అత్త తమిళం, కోడలు తెలుగు, అల్లుడు కన్నడం. తమిళ వాక్యం నర్సమ్మ చదివింది. ఆమె గొంతులో వింటే అందరూ కొంచెం తొందరగా నొక్కుతున్నారు. నా గొంతుకు ఆలోచిస్తున్నారు. రాసిపెట్టుకోవాలి.

రాతి పని చేసే కుర్రాడు ఒకడు. గ్రానైటు కోసే చోట. పాదాలు చక్కగా ఉన్నాయి, చలి అర డిగ్రీకే పట్టేశాడు. "ఎండాకాలం బండ మీద చెప్పుల్లేకుండా నిలబడలేమక్కా" అన్నాడు. నిలబడలేనంటే ఎంత హాయిగా అనిపించిందో నాకు. వేసవిలో గుడి ప్రదక్షిణకు పోయి అరికాళ్ళు కాలినా తెలియని షుగరు మనుషులను చూశాను. ఈ పిల్లవాడికి తెలుస్తుంది. తెలియడం ఎంత భాగ్యం!

జనవరి 25

ముసలాయన ఒకరు. వేళ్ళు వంకర. దూరంగా నిలబడ్డాడు, రమ్మంటే కూడా. ఎప్పుడో నయమైన కుష్ఠు. ఆ అలవాటు మాత్రం పోలేదు, దూరంగా నిలబడే అలవాటు.

కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలో చూపించుకున్నాడట, పెళ్ళికి ముందు. "వీపు మీద మచ్చ. ఒక గాజు గొట్టంలో ఉడుకునీళ్ళు, ఒకదాంట్లో సన్నీళ్ళు. కండ్లు మూసుకోమని మార్చి మార్చి పెట్టినారు. నాకు రెండూ ఒకటే. తాకేది తెలస్తాది, ఉడుకు తెల్లేదు." ఎన్నేళ్ళయినా ఆ గొట్టాలు మరిచిపోలేదు.

కుష్ఠు క్రిమికి చల్లటి చోట్లంటే ఇష్టం. చెవి తమ్మెలు, ముక్కుకొన, వేళ్ళు. నరంలో చేరి మొదట పోగొట్టేది ఎక్కువగా వేడీ చల్లదనమే, స్పర్శ ఆ తర్వాత. ఉత్తరప్రదేశ్‌లో చేసిన ఇన్‌ఫిర్ అధ్యయనంలో కూడా నైలాన్ పోగు పరీక్షలో పట్టుబడడానికి వారాల ముందే వెచ్చదనం తగ్గడం కనిపించింది.

ఎవరో రెండు గాజు గొట్టాలతో ఈయనను ముందుగా పట్టుకున్నారు. పెళ్ళయింది, పిల్లలయ్యారు. కండ్లు కూడా బాగున్నాయి.

వెళ్ళేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను. "నీ చెయ్యి వెచ్చంగుందామ్మా?" అని అడిగాడు. ఉందన్నాను.

ఫిబ్రవరి 3

ఈ పని చూసే మా ప్రొఫెసర్ గారితో ఫోనులో చాలాసేపు. యంత్రం ఒక్కటే, ఊళ్ళు ఎన్నో. కుప్పంలో ఉంటే పుంగనూరులో లేదు. ఆశా కార్యకర్తల చేతికి రెండు గాజు గొట్టాలు, ఒక థర్మామీటరు ఇస్తే? పాదం పైన, వేళ్ళకు దగ్గరగా. మార్చి మార్చి, మధ్యలో ఒకసారి ఏమీ పెట్టకుండా. మొహం కనిపించకుండా పక్కకు కూచోబెట్టి. ఆ చివరి రెండూ తప్పక ఉండాలని పట్టుబట్టాను.

సూక్ష్మంగా రాదు అన్నారాయన. నిజమే. పెల్టియర్ బిళ్ళ అర డిగ్రీ చెప్తుంది. కానీ 50 దాకా పోయినా తెలియని పాదానికి అర డిగ్రీ ఎందుకు?

ముందు యంత్రంతో కొలిచినవాళ్ళకే గొట్టాలతో కూడా చేసి రెండూ సరిపోతాయో లేదో చూడమన్నారు. చూస్తాను. సరిగ్గా చూస్తాను.

ఫిబ్రవరి 11

అమ్మ ఫోను. నీళ్ళు మోచేత్తో చూసే పోసుకుంటున్నానంది. రాత్రి పడుకునేముందు అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకుంటోందట. అద్దంలో ఏం కనబడిందో నాకు రోజూ చెప్తుంది. "ఈ పొద్దు ఏమీ లేదు పాపా." మొహం కనబడదు కదా ఫోనులో. గొంతు నమ్ముతున్నాను.

మార్చి 5, పుంగనూరు

ఆ పల్లెకు నేనే పోయాను, గొట్టాలు తీసుకుని. పెద్దాయన పుండు మానింది. కోడలు రోజూ కడిగి కట్టిందట.

ఆయన ముందు ఆయన కొడుకు పాదానికి పెట్టి చూపించాను. ఉడుకు గొట్టం తగిలీ తగలగానే కాలు లాక్కున్నాడు. తర్వాత ఆయనకు. కండ్లు మూసుకుని చాలాసేపు కూచున్నాడు. ఏదీ చెప్పలేదు. కండ్లు తెరిచి రెండు గొట్టాలనూ తనే తీసుకుని చెంపకు ఆనించుకుని చూశాడు. ఒకటి, తర్వాత ఇంకొకటి.

"మొహానికి తెలస్తాండాది" అన్నాడు.

"ఔను పెద్దాయనా. కాలికే తెలీలేదు. షుగరు వల్ల."

"అయితే మూడేండ్లుగా..." అని ఆగిపోయాడు. కోడలు తల దించుకుంది. ద్రౌపదమ్మ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

కాఫీ తెచ్చారు. ఇంట్లో ఒక్కరు తొక్కితే చాలు గదా నాయనా, ఈసారి నేను తొక్కుతానని కొడుకు. మొక్కు నాది గదరా అని ఆయన. గుడి పూజారిని అడగాలని కోడలు. ముగ్గురూ నన్ను చూశారు. గుండం తొక్కితే కాలు పోయే ప్రమాదం ఉందని చెప్పాను. ఉన్నదున్నట్టు, మెల్లగా. ఇంకేమీ కలపలేదు.

కంకణం ఎప్పుడు కడతారని అడిగాను. ఉగాది పోయినాక దినం పెడతామన్నారు. ఆ లోపల పూజారిని కనుక్కుంటానన్నాడు పెద్దాయన. ఆయన దగ్గరికి నేనూ వస్తానన్నాను, గొట్టాలతో సహా. రమ్మన్నారు.